ఏడో కరెక్షన్ స్లిప్

"సార్, గవర్రాజుని చంపీమంటన్నారు. పదిహేను రోజులే టైమిచ్చినారు."

గుమ్మంలో నిలబడ్డ మనిషి బంగార్రాజుతో అన్న మాట ఆయన సహాయకురాలు ఆనందకుమారి చెవిన అలాగే పడింది. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల ఇనుప ఖనిజం బండి ఒకటి టాటానగర్ స్టేషన్ దాటుతోంది. ఆ మోతలో తను సరిగా విన్నదా లేదా అన్న అనుమానం ఆమెకు రాలేదు. రైల్వే కాలనీలో ఎప్పుడో చూసిన ఆవిడే, ముఖంలో నెత్తురు చుక్క లేదు, చేతిలో కాగితాన్ని ఉండ చుట్టేస్తోంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆనందకుమారి ఆమెకు కుర్చీ చూపించి, మంచినీళ్ళ వంకన వరండాలోకి వెళ్ళి, హత్యా బెదిరింపని చెప్పడానికి తనకు తెలిసిన హెడ్ కానిస్టేబులుకు ఫోను చేసింది. "ఖూన్ కీ ధమ్కీ హై, భైయా. నామ్ గవర్రాజు. రైల్వే కాలనీ కా ఆద్మీ."

చేయవలసింది చేశానన్న నిబ్బరంతో నీళ్ళ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చింది.

"ఈ గవర్రాజుకి వయసెంతమ్మా?" అని అడుగుతున్నాడు బంగార్రాజు.

"నలభై అయిదండి."

"ఎప్పట్నించీ?"

"యాభై రెండేళ్ళ నించీ నలభై అయిదేనండి."

గ్లాసులో నీళ్ళు ఆనందకుమారి చీర మీద ఒలికాయి.

"మొత్తం చెరిపీమన్నారా?"

"మొత్తమేనండి. ఒక్క కథ కూడా మిగలకూడదంట."

చంపీమనడం కాదు, చెరిపీమనడం. గవర్రాజు మనిషి కాదు, కథల్లో గార్డు. ఆనందకుమారి చెవులు వేడెక్కాయి. వెంటనే మళ్ళీ ఫోను చేసి తప్పు ఒప్పుకోవలసింది. కానీ సిద్ధగోరా బడిలో ఇరవై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, ఒక్క హాజరు కూడా తప్పు వేయని మనిషి ఆమె. తరవాత చెబుదాంలే అనుకుంది. ఆ తరవాత ఎంత తరవాతో ఆమెకు అప్పుడు తెలియదు.

బంగార్రాజు ఆఫీసు స్టేషన్ రోడ్డులో మందుల కొట్టు మేడ మీద. బోర్డు మీద "ప్రైవేటు విచారణలు" అని రాయిస్తే, మూడు వానాకాలాలు తిరిగేసరికి చివరి రెండక్షరాలూ కొట్టుకుపోయి "ప్రైవేటు విచార" మిగిలింది. మళ్ళీ రాయిద్దామని ఆనందకుమారి అంటే, "వచ్చేవాళ్ళు ఎలాగూ విచారంగానే వత్తారు, ఉండనియ్" అన్నాడు. రైల్వేలో ముప్పై ఆరేళ్ళు క్లెయిముల ఇన్‌స్పెక్టరుగా చేశాడు. దారిలో పోయిన మూటలు, సీలు పగిలిన వ్యాగన్లు ఏ స్టేషనుకీ ఏ స్టేషనుకీ మధ్య తేడా పడ్డాయో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక మూటలు పోయి మనుషులు వచ్చారు గానీ పని అదే, సీలు ఎక్కడ పగిలిందో చూడటం. ఆ చూపంటే ఆనందకుమారికి అపారమైన గౌరవం.

వచ్చినావిడ పేరు హేమ. భర్త గూడ్సు గార్డు. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు ట్రైన్ మేనేజరు అంటున్నారు గానీ, కాలనీ నోటికి అది గార్డే. కాగితం విశాఖపట్నం నుంచి వచ్చిన లాయరు నోటీసు.

సంగతి ఇది. మజ్జి సుభద్రమ్మ అనే రచయిత్రి ఒకప్పుడు వారపత్రికలో గార్డు గవర్రాజు కథలు రాసింది. గూడ్సు బండి వెనక బ్రేకువ్యానులో కూర్చుని, దారిలో జరిగిన నేరాలు తేల్చే మనిషి గవర్రాజు. ఇరవై రెండు కథలు రాసి, ఎందుకో ఆపేసింది. పదిహేనేళ్ళ కిందట పోయింది. హేమ తండ్రి కూర్మారావు కూడా గార్డే. ఆ ఇరవై రెండూ బ్రేకువ్యానులో చేతిదీపం వెలుగులో చదివినవాడు. ఎనిమిదేళ్ళ కిందట భార్య పోయాక ఆయన మాట్లాడటం మానేశాడు. పిలిస్తే పలకడు, పెడితే తినడు. అప్పుడు హేమ ఇరవై మూడో కథ తనే అల్లి చెప్పింది.

"కథ సగంలో 'అక్కడ బండి పక్కకి తియ్యడానికి లూపు లైను లేదే' అన్నాడండి నాన్న. నాలుగు నెల్ల తరవాత అదే మొదటి మాట." హేమ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అక్కణ్నించి రాత్తానే ఉన్నాను. ముప్పై ఒకటయినాయి. ఊరికే ఇచ్చినాను. జిరాక్సు తీసి, ఫోన్లో చదివి. ఒక్క పైసా తీసుకోలేదండి."

"ఊరికే ఇచ్చినా, పాత్ర ఆవిడది. రాసినోళ్ళు పోయిన తరవాత అరవై ఏళ్ళు హక్కు వారసులకి ఉంటది."

"తెలుసండి. అందుకే మొదట్లోనే ఆవిడ కూతురు ఉమామహేశ్వరిగారికి ఫోను చేసినాను. 'అమ్మకానికి పెట్టనంత వరకూ నాకు అభ్యంతరం లేదు' అన్నారు. నోటి మాటే. ఇప్పుడు ఇది వచ్చింది."

సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట మీద ఎర్ర లాంతరు. "గార్డు గవర్రాజు కొత్త కథలు, రచన హేమ. వెల నూట యాభై రూపాయలు." ప్రెస్సు పేరు లేదు, ఊరు లేదు. ఉగాదినాడు కాలనీ తెలుగు సంఘం స్టాల్లో పదకొండు పుస్తకాలు అమ్ముడయ్యాయి. అట్టపెట్టె ఎవరు తెచ్చి పెట్టారో ఎవరికీ తెలియదు. హేమే పంపిందని స్టాలువాళ్ళు అనుకున్నారు. అందులో ఒకటి విశాఖ చేరింది.

"నేను అచ్చెయ్యలేదండి. ఈ ఒప్పుకోలు కాయితం మీద సంతకం పెట్టకపోతే కోర్టంట. పెడితే, ఇంకొకరి సొత్తు దొంగిలించి అమ్ముకున్నానని ఒప్పుకున్నట్టు. కథలన్నీ చెరిపీయాల. చెరిపీసిన రోజు నాన్న మళ్ళీ గోడకేసి తిరిగి కూర్చుంటాడండి. నాకు అదే బయ్యం."

బంగార్రాజు పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. "ఈ కథలు పూర్తిగా ఎంతమంది దగ్గరున్నాయి?"

"నాది కాక నాలుగు జిరాక్సు బైండులండి. నాన్నకొకటి. తోమాస్ మాస్టారికొకటి. సంఘం సెక్రటరీ సాయిచంద్‌కొకటి. ఆడియో చదివేది నవ్య, ఆ పిల్లకొకటి. తప్పులకి కరెక్షన్ స్లిప్పులు కూడా ఆ నలుగురికే ఇత్తాను."

బంగార్రాజు కళ్ళు వెలిగాయి. కరెక్షన్ స్లిప్పు రైల్వేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని ఏర్పాటు. రూల్సు పుస్తకంలో ఒక రూలు మారితే పుస్తకం మళ్ళీ అచ్చు వేయరు. మారిన ముక్క చీటీ మీద వేసి పంచుతారు. దాన్ని పాత ముక్క మీద అతికించుకుని, అందిందని రిజిస్టర్లో సంతకం పెట్టాలి. హేమ కథల్లో రైలు తప్పులు దొర్లితే వినేవాళ్ళు ఊరుకునే రకం కాదు. ప్రతి ఆదివారం తప్పు పట్టేవారు. హేమ నంబరు వేసి చీటీ ఇచ్చేది, సంతకం తీసుకునేది. ఇప్పటికి తొమ్మిది చీటీలు.

"రిజిస్టరు కూడా ఉందా?" అన్నాడు బంగార్రాజు, గుళ్ళో ప్రసాదం ఉందా అని అడిగినంత భక్తిగా.

*

ఆ సాయంత్రం ఆనందకుమారి చీటీలు చదువుతూంటే, బంగార్రాజు అచ్చు పుస్తకంలో వేలు పెట్టి పోల్చాడు. మొదటి చీటీ నుంచి ఆరో చీటీ దాకా సవరణలన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎనిమిదీ తొమ్మిదీ ఉన్నాయి. ఏడోది లేదు.

"మళ్ళీ చదువమ్మా."

"ఇరవై ఆరో కథ. 'గవర్రాజు ఆరు వందల మీటర్లు వెనక్కి నడిచి మూడు పటాకాలు పెట్టాడు' అన్న చోట, 'ఆరు వందల దగ్గర ఒకటి, పన్నెండు వందల దగ్గర మూడు పెట్టాడు' అని చదువుకోవాలి. తప్పు చూపినవారు, కూర్మారావు."

పటాకా అంటే బండి దారిలో ఆగిపోయినప్పుడు, వెనక వచ్చే బండిని ఆపడానికి పట్టాల మీద పెట్టే పేలుడు బిళ్ళ. చక్రం ఎక్కితే పేలుతుంది. వెనక బండి డ్రైవరు ఆ చప్పుడు విని ఆపుతాడు. ఎంత దూరంలో పెట్టాలో ప్రతి గార్డుకీ నిద్రలో కూడా తెలుసు.

"అంటే సార్, ఏడో చీటీ అందని మనిషి బైండు నుంచి ఈ పుస్తకం అచ్చయింది."

"అంతేనా?" అని రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు. ఏడో చీటీ ఎదురుగా, కిందటి నవంబరు తేదీతో, నాలుగు సంతకాలూ ఉన్నాయి. తోమాస్‌ది ముత్యాల్లా. సాయిచంద్‌ది ఇంగ్లీషులో, పొడుగ్గా. నవ్యది హిందీలో. కూర్మారావుది గీత దాటి కిందికి జారి, పక్క గడిలోకి పోయి ఆగింది.

"అందరికీ అందింది కదా," అంది ఆనందకుమారి నిరాశగా.

"అందింది," అన్నాడు బంగార్రాజు. ఆ ఒక్క మాటే అన్నాడు.

మర్నాడు ఆదివారం. హేమ క్వార్టర్లో కథ వినేవాళ్ళందరూ కూడినప్పుడు బంగార్రాజు వెళ్ళి, పుస్తకంలో ఏడో సవరణ లేదన్న సంగతి అందరి ముందూ చెప్పేశాడు. ఇంత విలువైన ఆధారం ఇలా బయట పెట్టేస్తారేమిటని ఆనందకుమారి లోలోపల గిలగిల్లాడింది.

కూర్మారావుకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కిటికీ పక్క మడత కుర్చీలో, కొత్త కళ్ళజోడుతో, నిటారుగా కూర్చున్నాడు. "ఏడో స్లిప్పు నాను చెప్పిందే కదా. ఆరు వందల కాడ మూడు పటాకాలేటి, ఎవుడైనా వింటే నవ్వుతాడు," అన్నాడు. తనలో తను అనుకున్నట్టు, "ఊరికే ఇచ్చిన కాయితానికి అదే గతి. మొన్న దసరాలకి జుగ్సలాయి బజార్లో పకోడీలు కొంటే, పొట్లం విప్పితే గవర్రాజు. నా కూతురు రాసిన పేజీ. నూనె కారతంది," అన్నాడు.

"నాన్నా, ఇప్పుడు అదెందుకు," అంది హేమ.

"ఎందుకేటి. చెప్తన్నాను."

*

సోమవారం నలుగురి బైండులూ చూశారు.

కద్మా పేటలో సాయిచంద్ ఇంట్లో బైండు కొత్తగా మెరుస్తోంది. సవరణ చీటీలు తొమ్మిదీ ఒక కవరులో ఉన్నాయి. ఒక్కటీ అతికించలేదు.

"ఈ కథలు సంఘం తరఫున అచ్చు వెయ్యాలని మీరన్నారట?"

"అన్నాను. సావనీరు వేద్దామన్నాను. హేమక్క వద్దంది. అంతే, ఖతం."

"మరి ఈ చీటీలు అతికించలేదేం?"

"టైమేదండి? ప్లాంటులో షిఫ్టు, ఇంటికొస్తే సంఘం. సంతకం పెట్టకపోతే హేమక్క ఊరుకోదు, అతికించకపోతే ఆవిడకి తెలీదు," అని సిగ్గుపడ్డాడు.

తోమాస్ మాస్టారి బైండులో తొమ్మిది చీటీలూ కొలబద్ద పెట్టి అతికించినట్టున్నాయి. మైదా జిగురు. పక్కన పెన్సిలుతో తేదీ. "మీ దగ్గరినుంచి ఎవరైనా అరువు తీసుకెళ్ళారా మాస్టారూ?" అని అడిగితే, "మా ఇంట్లోంచి బైబిలూ ఇదీ బయటికి పోవు," అన్నాడాయన.

నవ్య కాలేజీ పిల్ల. తెలుగులో అడిగితే హిందీలో చెప్పింది. తొమ్మిది చీటీలూ సెల్లో టేపుతో అంటించి ఉన్నాయి.

"ఏడోది ఎప్పుడు అంటించావమ్మా?"

"ఉసీ దిన్, అంకుల్. రికార్డింగ్ థీ న. గలత్ పఢ్‌తీ తో దాదాజీ జాన్ లే లేతే."

అదే రోజు అంటించిందట, తప్పు చదివితే తాతగారు ప్రాణం తీస్తారని. ఆ రోజు ఆడియో పెట్టి విన్నారు. పన్నెండు వందల మీటర్లు అనే ఉంది.

ఆఖర్న కూర్మారావు. ఆయన బైండు అరిగి, మూలలు మడతలు పడి, ఎన్నిసార్లు చదివాడో చెబుతోంది. తొమ్మిది చీటీలూ ఉన్నాయి. ఎనిమిదింటి కింద మైదా జిగురు పసుపు పచ్చగా మారింది, అంచులు పురుగు కొరికింది. ఏడోది శుభ్రంగా ఉంది. దాని మీద మాత్రం మూడు మడతల గీతలున్నాయి, ఏదో ఇరుకు డబ్బాలో ఇమిడేలా మడిచినట్టు. పేజీ తిప్పుతుంటే ఆనందకుమారి బొటనవేలికి కొద్దిగా తడి తగిలింది. వేసవి కదా, చెమటేమో అనుకుంది.

"కంటికి ఆపరేషన్ ఎప్పుడయిందండి?" అని కుశలం అడిగాడు బంగార్రాజు.

"నవంబర్లో. వారం దినాలు కట్టు. నల్లద్దాలిచ్చినారు. ఇప్పుడు చీమ కూడా అగపడతాది."

మెట్లు దిగి బంగార్రాజు తిన్నగా రోడ్డెక్కాడు. కేసు తేలినప్పుడల్లా ఒక జోకు వేసే మనిషి, ఈసారి వేయలేదు. అది చూసి ఆనందకుమారికి గుబులు పుట్టింది.

ఆ సాయంత్రం ఆయన విశాఖలో ఉమామహేశ్వరికి ఫోను చేశాడు. "సంతకం కోసం మీరే రండమ్మా. అది ఎవరు పెట్టాలో మీ ముందే తేలుస్తాను."

*

బుధవారం ఉదయం హేమ క్వార్టరు ముందు గదిలో అందరూ కూర్చున్నారు. ఉమామహేశ్వరికి అరవై దగ్గర. నూలు చీర, తెల్లబడ్డ జుట్టు, రాత్రంతా రైల్లో నిద్రలేని కళ్ళు. హేమ ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"నేను డబ్బు కోసం రాలేదు," అంది ఆమె ముందుగా. "అమ్మ ఇరవై రెండు కథల దగ్గర ఎందుకు ఆపేసిందో మీకెవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు.

"అమ్మ చేతిలో కలం ఉండగానే, ఒకాయన వేరే పేరుతో గవర్రాజు పుస్తకాలు అచ్చు వేసి అమ్మాడు. అయిదు. అయిదో దాంట్లో గవర్రాజు తాగి పడుకుంటాడు. ఆగిన బండి వెనక పటాకాలు పెట్టడు. వెనక బండి వచ్చి గుద్దుతుంది. అది చదివి ఒక గార్డు భార్య అమ్మకు ఉత్తరం రాసింది, మా ఆయన్ని ఇలా అవమానిస్తారా అని. అది తను రాయలేదని అమ్మ ఎవరికని చెప్పుకుంటుంది? ఆ రోజుతో కలం మూసేసింది. అందుకే నేను అమ్మకానికి వద్దన్నాను. రాత్రి రైల్లో మీ పుస్తకం చదివాను. ఇందులో గవర్రాజు ఆరు వందల మీటర్ల దగ్గరే ఆగిపోయాడు. అమ్మ గవర్రాజు ప్రతిసారీ పన్నెండు వందలూ నడిచేవాడు. వీళ్ళూ అంతే, అమ్ముకోవడం తప్ప అతన్ని పట్టించుకున్నవాళ్ళు కారు అనుకున్నాను."

మడత కుర్చీ కిర్రుమంది. కూర్మారావు తల దించుకున్నాడు.

బంగార్రాజు లేచి రిజిస్టరు ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఆ ఆరు వందల మీటర్ల దగ్గరే ఈ కేసు ఆగింది. అక్కణ్నించే ముందుకెళ్తుంది. ఆ తప్పు పోయిన నవంబర్లోనే వీళ్ళు దిద్దుకున్నారు, చూడండి, ఏడో చీటీ. కానీ అచ్చు పుస్తకంలోకి ఎక్కలేదు. మిగిలిన ఎనిమిదీ ఎక్కినాయి. అంటే ఎనిమిది చీటీలు అతికించి, ఏడోది అతికించని బైండు ఒకటుంది. పుస్తకం దాన్నుంచే అచ్చయింది."

"అందరి సంతకాలూ ఉన్నాయి కదండీ," అన్నాడు సాయిచంద్.

"నేనూ రైల్వేలో ముప్పై ఆరేళ్ళు సంతకాలు పెట్టినవాణ్నే. కొత్త రూలు చీటీ వత్తాది. సంతకం పెట్టేస్తాం, చీటీ జేబులో పెట్టేస్తాం. సంతకానికి అర్థం అందిందని. అతికిందని కాదు." అందరి ముఖాలూ చూశాడు. "సాయిచంద్ ఒక్కటీ అతికించలేదు. అతని బైండు నుంచి అయితే తొమ్మిది తప్పులూ పుస్తకంలో ఉండాలి. కాబట్టి అతని బద్ధకమే అతన్ని కాపాడింది. నవ్య అదే రోజు సరిదిద్ది చదివింది, ఆడియో ఉంది. మాస్టారు ఏనాడు అతికించారో పక్కనే తేదీ ఉంది, ఆయన బైండు ఇల్లు కదల్లేదు."

గదిలో ఇంకొక్క పేరే మిగిలింది. హేమ చేయి నోటి మీదికి వెళ్ళింది.

"ఆదివారం నేను అందరి ముందూ ఏడో చీటీ సంగతి చెప్పాను, కావాలనే. అతికించని మనిషి ఎవరైనా, మేం చూడ్డానికి వచ్చేలోగా వెతికి అతికిస్తాడు. సోమవారం చూస్తే ఒక బైండులో ఎనిమిది చీటీలు పాతబడి పచ్చగా ఉన్నాయి. ఏడోదాని జిగురింకా ఆరలేదు. మా ఆనందకుమారి వేలికి అంటింది."

ఆనందకుమారి తన బొటనవేలు చూసుకుంది. ఆధారం తన వేలికే అంటితే, చెమట అనుకుంది.

"ఆ చీటీకి మూడు మడతలు. నల్లద్దాల డబ్బాలో సరిగ్గా పడతాది. రిజిస్టర్లో ఏడో సంతకం గీత దాటి జారిపోయింది, కంటికి కట్టున్న మనిషి పెట్టింది కాబట్టి. తప్పు చెవితో పట్టాడు, చీటీ చేత్తో అందుకున్నాడు, కంటితో చూసి అతికించలేకపోయాడు. కట్టు విప్పేసరికి ఆ సంగతే మరిచిపోయాడు. తప్పు చూపించిన మనిషి బైండులోనే తప్పు మిగిలిపోతుందని ఎవరనుకుంటారు? అందుకే నాకూ రెండు రోజులు పట్టింది." గొంతు తగ్గించాడు. "కూర్మారావుగారూ, మిగతాది మీరు చెప్తారా?"

ముసలాయన వెంటనే మాట్లాడలేదు. హేమ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ ఆ మౌనం వచ్చేసిందేమోనన్న భయం ఆమె కళ్ళలో ఆనందకుమారికి కనబడింది.

"మాటాడు నాన్నా. తిట్టు, ఏదో ఒకటి అను."

"మాటాడతాన్లే తల్లీ." కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నానే చేసినాను. పలాసలో నా కింద పనిచేసిన కుర్రోడికి ప్రెస్సుంది. వంద పుస్తకాలు వేయించినాను. పకోడీ పొట్లంలో నా కూతురి రాత చూసినాక నిద్దర పట్టలేదు. ఊరికే ఇచ్చింది కాబట్టి ఊడ్చి పారేత్తన్నారు అనుకున్నాను. అట్టుండి, పేరుండి, వెలుంటే దాచుకుంటారు కదా. నాను పోయేలోగా దాని పేరు అట్ట మీద చూడాలని." ఉమామహేశ్వరి వైపు తిరిగాడు. "నోటీసు వచ్చిన కాడినించీ చెప్పాలనే ఉంది. చెప్తే నా బిడ్డ నన్నెలా చూత్తాదోనని దాచినాను. కానీ అమ్మా, మీ అమ్మగారు రాయడం ఎందుకు మానీసినారో ఇన్నేళ్ళూ నాకు తెల్దు. ఇరవై మూడో కథ కోసం నాలుగేళ్ళు ప్రతీ స్టేషన్లో పుస్తకాల కొట్టుకాడ అడిగినోణ్ని నాను. ఎవుడి వల్ల ఆగిపోయిందో వాడు చేసిందే నానూ చేసినాను. సంతకం నాను పెడతాను. దాని పేరు రాయొద్దు."

కుర్చీ కిందనుంచి పాత లైను బాక్సు ముందుకు లాగాడు. గార్డులు డ్యూటీకి మోసుకెళ్ళే ఇనప పెట్టె అది. మూత తీస్తే, ఒకప్పుడు జెండాలూ పటాకాలూ ఉండే చోట పుస్తకాలు. ఎనభై తొమ్మిది.

ఉమామహేశ్వరి పుస్తకాల వైపు చూడలేదు. రిజిస్టరే తిరగేస్తోంది. ఒకటో చీటీ, లూపు లైను గురించి. మూడోది, సిగ్నలు దీపం రంగు గురించి. ఒక్కోదానికి నాలుగు సంతకాలు. ఏడో చీటీ దగ్గర, గీత దాటి జారిపోయిన సంతకం మీద వేలు పెట్టి ఆగింది.

"డబ్బు తీసుకోని కథకి," అంది మెల్లిగా, "ఆరు వందల మీటర్ల తేడాకి, కంటికి కట్టుతో సంతకం పెట్టారు." రిజిస్టరు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "అమ్మ ఇది చూసి ఉంటే ఆపేది కాదేమో."

చల్లారిన కాఫీ తీసుకుని తాగింది. తరవాత మాటలు లాయరు నోటీసు కన్నా తక్కువగా, అంతకన్నా గట్టిగా వచ్చాయి. హక్కు తనదే, దాన్ని వదులుకోదు. పుస్తకాలు అమ్మకూడదు. అమ్మిన పదకొండు వెనక్కి తేవాలి, సాయిచంద్ ఆ పూచీ తీసుకోవాలి. ప్రతి కథ మొదట్లో గవర్రాజు ఎవరి సృష్టో ఉండాలి. ఆ షరతుల మీద హేమ రాసుకోవచ్చు, ఉచితంగా పంచుకోవచ్చు. "ఈసారి నోటి మాట కాదు. కాగితం మీద రాసిస్తాను. అమ్మ కథలు అమ్మకానికి కాదు, అంతే."

"ఈ ఎనభై తొమ్మిదీ?" అన్నాడు తోమాస్.

హేమ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి చీటీ మీద రాసింది. కరెక్షన్ స్లిప్ నంబరు పది. "అట్ట మీద 'వెల నూట యాభై రూపాయలు' అన్న చోట, 'పాత్ర మజ్జి సుభద్రమ్మగారిది, అమ్మకానికి కాదు' అని చదువుకోవాలి." ఉమామహేశ్వరి చదివి తల ఊపింది. మైదా జిగురు గిన్నె వచ్చింది. కూర్మారావు కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పుస్తకం మీద చీటీ అతికించి, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి, ఆరేదాకా ఊది, అప్పుడు రిజిస్టరు అందుకున్నాడు. సంతకం గీత మీదే పడింది.

అప్పుడే తలుపు చప్పుడైంది. హెడ్ కానిస్టేబులు. వెనక ఇద్దరు మనుషులు. చెమటలు కారుతున్నాయి.

"ఆనందీ దీదీ, పూరా కాలనీ ఛాన్ మారా, పాంచ్ దిన్ సే. గవర్రాజు కహాఁ హై? జిందా హై కి నహీఁ?"

అయిదు రోజులుగా గవర్రాజు కోసం కాలనీ అంతా గాలించాడట, బతికున్నాడో లేదో కూడా తెలియలేదట. గదిలో అందరూ ఆనందకుమారి వైపు చూశారు. భూమి బద్దలవలేదు, అందులో దూరే వీలూ లేదు. ఆమె లేచి నిలబడి, బడిలో హెడ్‌మాస్టరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని, మొదట తెలుగులో, తరవాత హిందీలో, అంతా చెప్పింది. హేమ చెరిపీమంటన్నారు అందనీ, బండి మోతలో తనకు చంపీమంటన్నారని వినబడిందనీ, హడావుడిగా ఫోను చేశాననీ, తప్పు తెలిసి కూడా అయిదు రోజులు సిగ్గుతో దాచాననీ.

అలాంటి మనిషే లేడని తేలేసరికి హెడ్ కానిస్టేబులు టోపీ తీసి కూలబడ్డాడు. "మత్‌లబ్ ఆద్మీ హై హీ నహీఁ?"

"ఉన్నాడు బాబూ," అన్నాడు కూర్మారావు. "ఇప్పుడే పన్నెండు వందల మీటర్లూ నడిచి వచ్చినాడు."

నవ్య ఆ మాట ఆయనకు హిందీలో చెబుతూ నవ్వింది. ఉమామహేశ్వరి కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. బంగార్రాజు సంచిలోంచి ఆఫీసు కేసు డైరీ తీసి, ఈ కేసు మొదటి పేజీ తెరిచి సహాయకురాలి ముందు పెట్టాడు. అందులో ఆమె చేతి రాతే, గుండ్రంగా: "గవర్రాజు, హత్యా బెదిరింపు." పక్కన ఒక ఖాళీ చీటీ, జిగురు గిన్నె పెట్టాడు.

ఆనందకుమారి కలం అందుకుంది.

"ముందు అతికించమ్మా," అన్నాడు బంగార్రాజు. "సంతకం తరవాత."